తేలినీలాపురం ఆడపడుచులు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని ఆ పూటకి టెక్కలిలో మా పిన్ని వాళ్లింట్లోనే ఉండిపోయాం. మర్నాడు ముక్కనుమ. చీకటి పూర్తిగా విడకముందే నేనూ మా మేనకోడలూ బండి తీసుకుని, ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం బయల్దేరాం. నౌపడ వైపు దారంతా మంచు. వరి కోసేసిన మళ్లలో మినుము నాలుగాకులు వేసి ఉంది. కళ్లాల్లో గడ్డివాములు మసక మసకగా కనిపిస్తున్నాయి. వెనక కూర్చున్న పిల్ల చలికి వణుకుతూనే ఒక అట్టని గుండెకి హత్తుకుని పట్టుకుంది. అది దాని స్కూల్ ప్రాజెక్టు.

ఎనిమిదో తరగతి చదువుతోంది. సెలవుల్లో ఏదైనా ఒక ప్రకృతి విశేషం స్వయంగా చూసి రాసుకురమ్మన్నారట. పక్షుల్ని చూడకముందే శీర్షిక మాత్రం స్కెచ్‌పెన్నుతో రాసేసుకుంది: "సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు". దాని కింద ఒక భూగోళం, పైనుంచి శ్రీకాకుళం దాకా ఎర్రటి బాణం.

తప్పు పిల్లది కాదు. నేను చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే అది. ఏటా పక్షులు రాగానే పేపర్లో వచ్చే వార్తలోనూ అదే, టెక్కలి బస్టాండులో ఆటో అతను చెప్పేదీ అదే. నేనూ చాలా ఏళ్లు నమ్మాను, పదిమందికీ చెప్పాను. తీరా పక్షుల గురించి కాస్త చదువుకున్నాక అది నిజం కాదని తెలిసింది. ఉత్త పొరపాటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ మాట వల్ల ఈ పక్షులకి చెడు జరుగుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ఊళ్లోకి వెళ్లేసరికి పక్షులు కనిపించలేదు గానీ వినిపించాయి. వందల గొంతులు ఒకేసారి గరగరమంటూ, కీచుమంటూ, మధ్యమధ్య చెక్కలు టకటక కొట్టినట్టు. తర్వాత వాసన. ఎండుచేపలూ తడిసిన సున్నమూ కలిసిన వాసన అది. ఆ తర్వాత మంచులోంచి చింతచెట్లు బయటపడ్డాయి. ఆకులు కనిపించనంతగా రెట్ట పడి కొమ్మలన్నీ తెల్లగా ఉన్నాయి. చెట్టు కింద నేల కూడా పండక్కి సున్నం చల్లినట్టే ఉంది. ఇళ్ల మధ్యలో చెట్లు, చెట్ల మీద గూళ్లు. ఒక ఇంటి పెరట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఆ పొగ నేరుగా గూడబాతుల గూళ్ల మధ్య నుంచి పైకి పోతోంది. అవి దాన్ని పట్టించుకోలేదు, ఇంటివాళ్లు వీటిని పట్టించుకోలేదు.

గూడబాతు (ఇంగ్లీషులో పెలికాన్) అంటే తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. వెనకటికి చెరువులోంచి మడిలోకి నీళ్లు తోడటానికి ఇద్దరు మనుషులు చెరోపక్కా తాళ్లు పట్టుకుని ఊపే బుట్టని గూడ అంటారు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే సంచి అచ్చం అలాగే పనిచేస్తుంది. నీళ్లతో సహా చేపని ముంచి ఎత్తి, నీళ్లు వదిలేసి చేపని మింగుతుంది. ఎవరు పెట్టారో గానీ చూసి పెట్టిన పేరు. రెక్కలు పూర్తిగా చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి రెండు మీటర్ల పైనే ఉంటుంది. అంత పక్షి చింతకొమ్మ మీద దిగుతుంటే కొమ్మ కిందకి వంగి మళ్లీ లేస్తుంది. మంచం మీద పెద్దమనిషి కూర్చున్నట్టు.

వాచ్ టవర్ ఎక్కకుండా ఒక ఇంటి గోడ పక్కనే నిలబడి బైనాక్యులర్స్‌తో చూశాం. కళ్లెదుట గూట్లో రెండు పిల్లలు. తల్లిదండ్రుల్లో ఒకటి అప్పుడే దిగింది. నోరు తెరిచింది. పెద్ద పిల్ల ముందుకు తోసుకొచ్చి, ముక్కు కాదు, తలంతా దాని గొంతులోకి దూర్చేసింది. మెడ దాకా లోపలికి పోయింది. మా పిల్ల "మావయ్యా, మింగేస్తోంది!" అని నా చెయ్యి పట్టుకుంది. అరనిమిషం అలాగే ఉండి తల బయటికి తీసింది. తీసిన వెంటనే వెర్రెత్తినట్టు ఒక రెక్క మీద ఈడ్చుకుంటూ గూట్లో గుండ్రంగా తిరిగి, తల కొమ్మకేసి కొట్టుకుని, ఉన్నట్టుండి వాలిపోయింది. కదల్లేదు. మా మేనకోడలి కళ్లలో నీళ్లు. ఏం కాదమ్మా, కాసేపు చూడు అన్నాను. కాసేపటికి గూట్లోని పిల్ల ఏమీ జరగనట్టు లేచి రెక్కలు దులుపుకుంది. గూడబాతు పిల్లలు తిండి తినేటప్పుడు ఇలా పూనకం వచ్చినట్టు చేయడం మామూలే. ఎందుకు చేస్తాయంటే, తోబుట్టువుల్ని పక్కకి నెట్టి పెద్దల చూపు తమ మీదే ఉంచుకోవడానికేమో అని కొందరంటారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెరిగిన వాళ్లెవరికైనా అది సబబుగానే తోస్తుంది.

పై కొమ్మల్లో ఎర్రకాళ్ల కొంగలు. పసుపుపచ్చ ముక్కు చివర కాస్త కిందకి వంగి ఉంటుంది. తోక దగ్గర రెక్కల మీద కుంకుమ నీళ్లు చిలికినట్టు గులాబి రంగు ఉంటుంది. పెద్ద కొంగలకి గొంతు లేనట్టే. జంట కలుసుకున్నప్పుడు ముక్కులు టకటకలాడిస్తాయి, అంతే. ఆ గోలంతా పిల్లలది. ఎండ ముదిరాక ఇవి ఇంకో పని చేస్తాయి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, రెక్కలు విప్పి గొడుగులా పిల్లల మీద నీడ పట్టుకుంటాయి. సూర్యుడు జరిగితే అవీ జరుగుతాయి.

ఆ ఇంటావిడ వాకిలి ఊడుస్తోంది. డెబ్భై ఏళ్లుంటాయేమో. చీపురు ఆపి, "ఏ ఊరు బాబూ?" అంది. విజయనగరం నుంచమ్మా అన్నాను. మా పిల్ల తన అట్ట చూపిస్తూ, "ఇవి సైబీరియా నుంచి వస్తాయట కదా మామ్మా?" అని అడిగింది.

"అలాగనే అంటారమ్మా. మాకేటి తెలుసు? ఎక్కడికెల్తే ఏటి, కనడానికి మాత్రం ఇక్కడికే ఒత్తాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి రాదేటి?"

ఆవిడ మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. నేను పుస్తకాల్లో వెతుక్కుని తెలుసుకున్నది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

ఎందుకంటే అసలు విషయం అదే. సైబీరియా నుంచో మంగోలియా నుంచో మన దగ్గరికి వచ్చే వలస పక్షి చలికాలం గడపడానికి వస్తుంది. తిండికోసం వస్తుంది. ఎండలు ముదిరేసరికి వెళ్లిపోయి, అక్కడి వేసవిలో అక్కడే గూడు కట్టి పిల్లల్ని చేస్తుంది. ఇక్కడ గూడు కట్టదు. గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లల్ని పెంచి ఎగరేసేదాకా ఒక పక్షి ఒక ఊళ్లో ఉందంటే అది ఆ నేలకి చెందిన పక్షే. గూడబాతు (మచ్చలముక్కు గూడబాతు, ఇక్కడున్నది అదే) ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని చేసే చోట్లు చాలా తక్కువ. ముఖ్యంగా మన దేశం, శ్రీలంక, కంబోడియా. సైబీరియాలో ఈ పక్షి లేదు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే, దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి. ఇవి తిరుగుతాయి, నిజమే. నీళ్లు తగ్గితే ఇంకో చెరువుకి, ఇంకో జిల్లాకి, పక్క రాష్ట్రానికి పోతాయి. మన ఊళ్ల నుంచి పనికోసం వలసపోయి పండక్కి ఇంటికొచ్చే వాళ్లని విదేశీయులు అంటామా?

గూడు కట్టే కాలం కూడా అదే చెబుతుంది. వానలు పడి, చెరువులూ పల్లపు నేలలూ నిండి, చేపపిల్ల పెరిగాక, సెప్టెంబరు అక్టోబరుల్లో ఇవి తేలినీలాపురం చేరతాయి. పిల్లలు పెద్దవై తిండి ఎక్కువ కావలసిన రోజులకి, అంటే ఇప్పుడు, నీళ్లు ఇంకుతూ చేపలన్నీ లోతు తక్కువ మడుగుల్లోకి చేరతాయి. కొంగలకి సులువుగా దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్ నాటికి పిల్లలతో సహా వెళ్లిపోతాయి. మన వాన, మన చెరువు, మన చేప. సైబీరియా చలితో ఈ లెక్కకి ఏ సంబంధమూ లేదు.

మరి ఆ పేరు ఎలా అంటుకుంది? నా ఊహ చెబుతాను. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి ఒకప్పుడు నిజంగానే సైబీరియా కొంగలు వచ్చేవి. దేశమంతా వాటి పేరు మోగింది. 2002 తర్వాత అవి అక్కడికి రాలేదు. పక్షులు పోయాయి గానీ పేరు మిగిలిపోయి, పెద్ద పక్షి ఎక్కడ గుంపుగా కనిపించినా దానికి తగులుకుంది. దూరం నుంచి వచ్చిందంటే గొప్ప అనే అలవాటు కూడా మనకి ఉంది. కానీ ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊరికే పురిటికి వచ్చే పక్షి అంతకన్నా గొప్పది కాదా అన్నది నా ప్రశ్న.

ఏ పేరైతేనేం, విదేశీ అతిథులనే గౌరవంతోనే కదా జనం వీటి జోలికి పోవడం లేదు అని మా బాబాయి ముందురోజు రాత్రి వాదించాడు. ఆ మాటలో నిజముంది. పక్షులు వస్తే ఊరికి మంచిదనీ, రాకపోతే అరిష్టమనీ నమ్మే ఊళ్లలోనే ఇవి బతికాయి. అయితే ఆ నమ్మకం ఊరివాళ్లది, పుట్టింటి వాళ్లది. అతిథి అనే మాట బయటివాళ్లం తగిలించినది. అతిథికి మంచం వేస్తాం, పొలం రాసివ్వం. రెండు రోజులు మర్యాద చేస్తే మన బాధ్యత తీరిపోతుంది. ఒక ఏడాది రాకపోతే ఇంకోచోట బాగుందేమోలే అని ఊరుకుంటాం. ఆడపడుచు రాకపోతే అలా ఊరుకోం, ఏం జరిగిందని కంగారుపడతాం. పైగా ఇంట్లో ఆవిడకి భాగం ఉంటుంది.

ఆ భాగం గురించే నా బెంగంతా. ఇప్పుడు మనం కాపాడుతున్నది చెట్టుని. వాచ్ టవర్ చెట్టు దగ్గరే, బోర్డు చెట్టు దగ్గరే, ఫొటోలు చెట్టువే. కానీ చెట్టు పురిటిగది మాత్రమే. వంటిల్లు ఊరి బయట ఉంది. ఎండ కాస్త పొడిచి, వేడిగాలి పైకి లేవగానే గూడబాతులు ఒక్కొక్కటీ లేచి, చుట్లు తిరుగుతూ ఎత్తుకి పోయి, రెక్క ఆడించకుండా తేలుతూ వెళ్లిపోతాయి. అవి పోయేది నౌపడ ఉప్పు మడులకీ, తంపర అనే పల్లపు నేలలకీ, చుట్టుపక్కల చెరువులకీ. ఎర్రకాళ్ల కొంగ చేపని కళ్లతో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, ఇటూ అటూ ఊపుతూ నడుస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. కాలితో అడుగున కలియబెడుతుంది. అంటే దానికి తన కాలి ఎత్తుకి లోపు నీళ్లుండాలి. చుట్టూ జేసీబీతో గోడలా నిలువుగా తవ్విన చెరువు నిండా చేపలున్నా దానికి పస్తే. వలలు కప్పిన రొయ్యల చెరువు గురించి వేరే చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి పల్లపు నేలలకి జనం పెట్టుకున్న సొంత పేర్లున్నాయి. కాకరాపల్లి వైపు తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. పేరున్న నేల అంటే పనికొచ్చే నేలే. చేప, గడ్డి, తుంగ, పశువులకి నీళ్లు అన్నీ అక్కడివే. కాగితాల్లోకి వచ్చేసరికి అవే బంజరు అయిపోతాయి. ఆ నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనం మీద 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. రెండుచోట్లా మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు పక్షుల కోసం పోరాడలేదు. తమ కూటి కోసం పోరాడారు. కానీ ఆ కూడూ గూడబాతు కూడూ ఒకే నీళ్లలో ఉన్నాయి. ఆ జ్ఞాపకం ఉన్న జిల్లాలో ఈ పక్షుల్ని విదేశీ అని పిలవడం నాకు కష్టంగా ఉంటుంది.

చెట్టే ముఖ్యం అనుకునేవాళ్లు కొల్లేరు ఆటపాక చూడాలి. గూళ్లకి చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పాతితే గూడబాతులు వాటి మీదే కాపురం పెట్టాయి. చెట్టు లేకపోతే ఇనుముతో సర్దుకుంటాయి. చేప లేకపోతే దేనితో సర్దుకుంటాయి? పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్లో గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్లు కట్టేవి. కేరళకి చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1940లలో చూసి దాని గురించి రాశారు. తర్వాత కొన్ని దశాబ్దాలకే ఆ చెట్లు ఖాళీ అయిపోయాయి. తమిళనాడులోని వేదంతాంగల్ రైతులు మాత్రం 1798లోనే తమ చెరువు పక్షుల జోలికి ఎవరూ రాకుండా కలెక్టర్ దగ్గర పట్టా రాయించుకున్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లతో వాళ్ల పొలాలు పండేవి. వాళ్లు పక్షికి అతిథి మర్యాద చేయలేదు, పొత్తు కుదుర్చుకున్నారు.

ఇదంతా పిల్లకి చెబుతుండగానే ఒక కారు వచ్చి ఆగింది. నలుగురు కుర్రాళ్లు. ఒకతను ఫోన్ పైకెత్తి వీడియో పెట్టాడు, ఇంకొకతను గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఎగిరితే వీడియో బాగా వస్తుందని. మొదటిసారి పక్షులు మెడలు నిక్కించాయి. రెండోసారి చెట్టంతా ఒక్కసారిగా లేచింది. అంత రెక్కల చప్పుడు నేను దగ్గరనుంచి వినడం అదే మొదలు, గుండెలో తగిలింది. గూళ్లలో పిల్లలు మాత్రం మిగిలాయి. పది లెక్కపెట్టేలోపు రెండు కాకులు వచ్చాయి. ఒకటి పైకొమ్మ గూటి అంచున వాలి లోపలికి తొంగిచూసింది. అది కొంగ గూడు, ఇంకా గుడ్లే ఉన్నాయో ఏమో కింద నుంచి తెలియదు. కాకి ముక్కు లోపలికి పెట్టడం మాత్రం చూశాను.

మామ్మ చీపురు పట్టుకునే వీధిలోకి వచ్చేసింది. "ఓరి నాయనా, పురిటింటి ముందర సప్పట్లేట్రా!" అని కేకేసింది. కుర్రాళ్లు నిజంగానే సిగ్గుపడ్డారు. సారీ మామ్మా అని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు ఒకడు. చెడ్డపిల్లలు కారు. విదేశీ పక్షుల షో అని ఎవరో చెబితే చూడటానికొచ్చారు. షో అనుకుంటే చప్పట్లు కొట్టడమే మర్యాద. పురిటిల్లు అని ముందే తెలిసి ఉంటే కొట్టేవాళ్లు కాదని నా నమ్మకం. పేరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా నా దగ్గర సాక్ష్యం లేదు.

ఎండెక్కాక నౌపడ ఉప్పు మడుల దగ్గర ఆగాం. ఇద్దరు మనుషులు మోకాలి కింది దాకా నీళ్లలో నిలబడి మడి సర్దుతున్నారు. ఒక గూడబాతు మా తల మీదుగా వెళ్లింది, మా పిల్ల అది ఏ చెట్టుదో గుర్తుపట్టినట్టు చెయ్యూపింది. అప్పుడు దానికి బురద అంచున పరిగెత్తుతున్న చిన్న పిట్టల్ని చూపించాను. ఉల్లంకి జాతి పిట్టలు, ఇంగ్లీషులో లిటిల్ స్టింట్ అంటారు. పిచ్చుక అంత ఉంటుంది. బూడిద, గోధుమ రంగు, నల్లటి కాళ్లు. కుట్టుమిషన్ సూదిలా ముక్కు బురదలో టకటక పొడుస్తూ రెండు అడుగులు వేస్తుంది, మళ్లీ పొడుస్తుంది. బరువు చూస్తే ఒక చిన్న నిమ్మకాయంత. ఇది ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున, చెట్టనేది మొలవని నేలలో, జూన్ జూలైల్లో గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి ఇక్కడికి తన రెక్కల మీదే వస్తుంది. నువ్వు గీసిన బాణం దీనిది, అని చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు పిల్ల. బైనాక్యులర్స్ దించకుండా, "దీన్ని చూడటానికి ఎవరూ రారా?" అంది. రారమ్మా అన్నాను. ఇక్కడ బోర్డు లేదు, టవర్ లేదు. ఉప్పు మడి ఉన్నంతకాలం ఇవి వస్తాయి, పూడ్చేస్తే రావు. కాస్త దూరంలో మూలపేటలో ఓడరేవు కడుతున్నారు. పనులు రావాలి, ఈ జిల్లా పిల్లలు హైదరాబాదూ చెన్నై పట్టాలెక్కకుండా ఇక్కడే బతకాలి, అది నేనూ కోరుకుంటాను. కానీ ఆ లెక్కల్లో ఈ బురద అంచుకి కూడా ఒక గడి ఉండాలి. తంపర ఎంత, బీల ఎంత, ఉప్పు మడులు ఎంత, ఏ నెలలో ఎక్కడ ఎన్ని నీళ్లుంటాయో సర్వే చేసి, పక్షులు మేసే నేలని కూడా చెట్టుతో పాటు కాపాడాల్సిన జాబితాలో చేర్చాలి. చెరువు పూడిక తీసేటప్పుడు ఒక ఒడ్డైనా వాలుగా వదలాలి. అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు, తవ్వేవాడికి ముందు చెబితే చాలు. చింతచెట్లు కూడా ఇప్పుడే నాటాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానంలో ఎన్ని చెట్లని పడేసిందో ఈ జిల్లా మర్చిపోలేదు. గూడబాతుని మోసే కొమ్మ రావడానికి ఒక తరం పడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు పిన్ని వాళ్లింటి అరుగు మీద కూర్చుని పిల్ల అట్ట మీద తెల్ల కాగితం అతికించింది. భూగోళాన్ని తీసేయలేదు, బాణం చివర గూడబాతు బొమ్మ చెరిపి చిన్న పిట్టని గీసింది. గూడబాతుకి వేరే పటం గీసింది. అందులో చింతచెట్టు, ఉప్పు మడి, చెరువు, వాటి మధ్య రాకపోకల గీతలు. శీర్షిక ఇంకా పెట్టలేదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయని, వాటి రెండు దవడల మధ్య సందు ఉంటుందని, దాంతో నత్తల్ని పట్టుకుని మాంసం లాగుతాయని చెప్పాను. ఆగస్టులో తీసుకెళ్లమంది. గూళ్లు చూడటానికా అని అడిగాను.

"గూళ్లు తర్వాత మావయ్యా. ముందు నత్తలు ఏ మడిలో దొరుకుతున్నాయో చూద్దాం" అంది.